ముందు మార్కులు, తరువాత మార్కులు – తేడా నిజమేనా?

ధర్మవరంలో ఒక ఉన్నత పాఠశాలను ఊహించుకోండి. బడి వదిలాక సాయంత్రం గంటసేపు లెక్కలకు ప్రత్యేక తరగతి పెట్టారు. తొమ్మిదో తరగతి నుంచి పదిమంది చేరారు. తరగతి మొదలుపెట్టే ముందు 25 మార్కులకు ఒక పరీక్ష పెట్టారు. ఆరు వారాల తరువాత, అంతే కష్టమైన మరో పరీక్ష పెట్టారు. మొదటి పరీక్షలో సగటు 13.5. రెండో పరీక్షలో సగటు 15.5.

లెక్కల మాస్టారు సంతోషించారు. కాని ఒక విద్యార్థి తండ్రికి సందేహం వచ్చింది. ఆయన మగ్గం మీద పట్టుచీరలు నేసే మనిషి. కొడుకు వేళకు ఇంటికి వస్తే కండెలు చుట్టడంలో తల్లికి సాయంగా ఉండేవాడు. “సార్, పరీక్ష అన్నాక ఒకనాడు రెండు మార్కులు ఎక్కువొస్తాయి, ఇంకోనాడు రెండు తక్కువొస్తాయి. ఇదీ అట్లాంటిదేనేమో!” అన్నాడాయన.

ఈ బడీ, ఈ మార్కులూ ఊహించుకున్నవే. ఆ తండ్రి సందేహం మాత్రం ఎక్కడైనా రాదగినదే. ఆయన అన్నది నిజమైతే పదిమంది పిల్లల సాయంత్రాలు వృథా అయినట్లే. నిజం కాకపోతే, ఆయన మాట విని తరగతి ఎత్తివేయడం వల్ల పిల్లలకే నష్టం. గట్టిగా మాట్లాడినవారి మాట నెగ్గితే సరిపోదు. దీన్ని తేల్చే పద్ధతి ఒకటి కావాలి. అలాంటి పద్ధతి ఉంది. దాని పేరు జతల టి-పరీక్ష. మీకు సగటు, వర్గం, వర్గమూలం తెలిస్తే చాలు, ఆ లెక్క మీరే చేయవచ్చు.

చింతపండు బస్తాలు, రెండు కాటాలు

ముందు హిందూపురం వెళదాం. హిందూపురం చింతపండు వ్యాపారానికి పేరున్న ఊరు. అక్కడి మార్కెట్టులో రెండు కాటాలు ఉన్నాయి. రెండో కాటా కాస్త ఎక్కువ తూస్తున్నదేమోనని మీకు అనుమానం. ఎలా తేలుస్తారు?

పది బస్తాలను మొదటి కాటా మీద, వేరే పది బస్తాలను రెండో కాటా మీద తూచి, రెండు సగటులనూ పోల్చవచ్చు. కాని బస్తా బస్తాకూ బరువులో ఎంతో తేడా ఉంటుంది. ఒకటి నిండుగా ఉంటుంది, ఒకటి వెలితిగా ఉంటుంది. కాటాలో ఉన్న అరకిలో తప్పు ఆ హెచ్చుతగ్గుల్లో కనబడకుండా పోతుంది.

ఇంతకన్నా తెలివైన దారి ఉంది. ఒకే బస్తాను రెండు కాటాల మీదా తూచండి. అలా పది బస్తాలూ తూచండి. ఒక్కొక్క బస్తాకు రెండు బరువుల తేడా రాసుకోండి. ఇప్పుడు బస్తా పెద్దదా, చిన్నదా అన్న ప్రశ్నే లేదు. ప్రతి బస్తా తనతో తానే పోల్చుకుంటున్నది. మిగిలేది కాటాల మధ్య తేడా మాత్రమే.

మన విద్యార్థులు కూడా ఆ బస్తాల వంటివారే. ఒకరు లెక్కల్లో దిట్ట, ఒకరు అంతంత మాత్రం. అందువల్ల ప్రతి విద్యార్థినీ అతనితోనే పోల్చాలి. ముందు పరీక్ష ఒక కాటా, తరువాతి పరీక్ష రెండో కాటా!

తేడాలు చూద్దాం

పదిమంది మార్కులు వరుసగా ఇవి:

ముందు: 9, 14, 11, 20, 17, 6, 22, 12, 8, 16
తరువాత: 12, 15, 15, 19, 19, 11, 22, 15, 10, 17
తేడా: 3, 1, 4, –1, 2, 5, 0, 3, 2, 1

ఎనిమిది మందికి మార్కులు పెరిగాయి. ఒకరికి తగ్గాయి. ఒకరికి మారలేదు. తేడాల మొత్తం 20, సగటు 2.

ఇప్పుడు నేతపని చేసే ఆ తండ్రి మాటనే ఒప్పుకుందాం. ప్రత్యేక తరగతి వల్ల ఏ మార్పూ లేదు, పెరగడమూ తగ్గడమూ అదృష్టమే అనుకుందాం. ఇలా “మార్పేమీ లేదు” అని ముందుగా అనుకోవడాన్ని గణాంకశాస్త్రంలో శూన్య పరికల్పన అంటారు. దాన్ని నమ్మాలని కాదు, పరీక్షించడానికే అలా అనుకోవడం.

అంతా అదృష్టమే అయితే, మార్కులు మారిన తొమ్మిది మందిలో ఒక్కొక్కరికీ పెరగడం, తగ్గడం నాణెం ఎగరేసినట్లే. బొమ్మ పడితే పెరుగుదల, బొరుసు పడితే తగ్గుదల. తొమ్మిది సార్లు ఎగరేస్తే 512 రకాలుగా పడవచ్చు. అందులో ఎనిమిది గాని తొమ్మిది గాని బొమ్మలు పడేవి 10 మాత్రమే. అన్నే బొరుసులు పడేవి మరో 10. అంటే రెండు వైపులా కలిపి 512లో 20, నూటికి సుమారు నాలుగు. అదృష్టం వల్లనే ఇంత ఒకవైపు మొగ్గడం అరుదే అన్నమాట.

కాని నాణెం లెక్కలో ఒక లోపం ఉంది. అది పెరిగిందా, తగ్గిందా అని మాత్రమే చూస్తుంది. అయిదు మార్కుల పెరుగుదలకూ, ఒక మార్కు పెరుగుదలకూ ఒకే విలువ ఇస్తుంది. తేడా ఎంత అన్నది కూడా లెక్కలోకి తీసుకునేదే టి-పరీక్ష.

టి అంటే ఏమిటి?

ధర్మవరం రైల్వే జంక్షను ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారనుకోండి. రైలు వస్తున్నది. పక్కనున్న స్నేహితుని మాట మీకు వినబడుతుందా? అది అతని గొంతు ఎంత పెద్దది అన్నదాని మీద మాత్రమే ఆధారపడదు, చుట్టూ గోల ఎంత ఉంది అన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. నిశ్శబ్దంలో గుసగుస కూడా వినబడుతుంది. గోలలో కేక కూడా వినబడదు.

టి అనేది అలాంటి నిష్పత్తే. పైన మాట, కింద గోల. మాట అంటే తేడాల సగటు. గోల అంటే ఆ సగటు అదృష్టవశాత్తు ఎంత అటూ ఇటూ ఊగగలదో ఆ పరిమాణం. పెన్సిలు తీసుకుని నాతోపాటు చేయండి.

మొదటి మెట్టు. తేడాల సగటు 2.

రెండో మెట్టు. ఒక్కొక్క తేడా నుంచి 2 తీసివేయండి: 1, –1, 2, –3, 0, 3, –2, 1, 0, –1. వీటి వర్గాలు కూడితే 30 వస్తుంది.

మూడో మెట్టు. ఆ 30ని 9తో భాగించి వర్గమూలం తీయండి. 1.8257 వస్తుంది. ఇది తేడాల క్రమ విచలనం. పదిమంది ఉంటే 9తో ఎందుకు భాగించాం? పై పది సంఖ్యలూ కూడితే సున్నా రావాలి. అందుచేత తొమ్మిది తెలిస్తే పదోది దానంతట అదే తెలిసిపోతుంది. స్వేచ్ఛగా మారగలిగినవి తొమ్మిదే. దీన్నే ఇంగ్లీషులో ‘డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్’ అంటారు.

నాలుగో మెట్టు. దాన్ని 10 వర్గమూలంతో, అంటే 3.1623తో, భాగించండి. 0.5773 వస్తుంది. దీని పేరు ప్రామాణిక దోషం. ఒక్కరి మార్కు ఊగినంతగా పదిమంది సగటు ఊగదు. ఎందరు ఎక్కువైతే సగటు అంత నిలకడగా ఉంటుంది. అందుకే ఈ భాగహారం.

అయిదో మెట్టు. 2ను 0.5773తో భాగించండి. సుమారు 3.46. అదే టి!

మరి ఈ 3.46 పెద్దదా, చిన్నదా? దీనికి పట్టికలున్నాయి. పది జతలకు, అంటే 9 వరుసలో, పట్టిక చూస్తే రెండు సంఖ్యలు కనబడతాయి: 2.262, 3.250. అంతా అదృష్టమే అయితే టి విలువ గుర్తుతో పనిలేకుండా 2.262 దాటడం నూటికి అయిదుసార్లే, 3.250 దాటడం నూటికి ఒక్కసారే జరుగుతుంది. మన టి ఆ రెండింటినీ దాటింది. కాబట్టి “అంతా అదృష్టమే” అన్న మాట ఇక్కడ నిలబడడం కష్టం.

ఒక హెచ్చరిక. దీనివల్ల “తరగతి పనిచేసిందనడానికి నూటికి 99 పాళ్ళు నిశ్చయం” అని అర్థం కాదు. మార్పేమీ లేకపోతే ఇంత పెద్ద టి రావడం అరుదు అని మాత్రమే అర్థం. ఈ రెండు మాటలూ ఒకటి కావు సుమా!

జతలు విడదీస్తే?

ఇప్పుడు ఒక చిత్రం చూడండి. అవే ఇరవై అంకెలు. కాని మొదటి పదీ ప్రత్యేక తరగతి లేని పెనుకొండ విద్యార్థులవనుకోండి. తరువాతి పదీ ప్రత్యేక తరగతికి వెళ్ళిన హిందూపురం విద్యార్థులవనుకోండి. సగటులు అవే, 13.5, 15.5. తేడా కూడా అదే, 2. అయితే ఇప్పుడు జతలు లేవు. వేరు వేరు పిల్లలు, వేరు వేరు ఊళ్ళు. హిందూపురం కర్ణాటక సరిహద్దులో ఉన్నది కనుక కొందరి ఇళ్ళలో కన్నడం మాట్లాడతారు. కొందరు రోజూ పల్లెల నుంచి వస్తారు. ఒక్కొక్కరి చదువూ ఒక్కొక్క తీరు. ఈ హెచ్చుతగ్గులన్నీ గోలలో చేరిపోతాయి.

జతలు లేని రెండు గుంపులకు వేసే టి లెక్క వేరే ఉంది. దాని ప్రకారం చేస్తే ప్రామాణిక దోషం 2.06 వస్తుంది. టి విలువ 0.97 మాత్రమే. పట్టికలో దాటవలసిన సంఖ్య 2.101. ఇది దాని దరిదాపుల్లో కూడా లేదు!

మాట అంతే ఉంది, గోల మూడున్నర రెట్లు పెరిగింది. జత కట్టడం వల్ల వచ్చే లాభం ఇదే. అందుకే పరీక్ష కాగితాల మీద పేర్లు గాని, నంబర్లు గాని తప్పకుండా ఉండాలి. ఎవరి ‘ముందు’ ఎవరి ‘తరువాత’తో జత అవుతుందో తెలియకపోతే, సగం సమాచారం చేజేతులా పారేసుకున్నట్లే.

‘విద్యార్థి’ అన్న పేరుతో ఒక శాస్త్రజ్ఞుడు

ఈ టి కథ బీరు తయారుచేసే కర్మాగారంలో మొదలయింది. విలియం సీలీ గాసెట్ 1876లో ఇంగ్లండులో పుట్టాడు. ఆక్స్‌ఫర్డులో గణితం, రసాయనశాస్త్రం చదివి, 1899లో డబ్లిన్ నగరంలోని గిన్నెస్ కంపెనీలో చేరాడు. బార్లీ గింజల నాణ్యత, పంట దిగుబడి వంటివి పరిశీలించడం అతని పని. ప్రయోగాలు ఖర్చుతో కూడినవి. అందువల్ల అతని చేతిలో ఎప్పుడూ నాలుగో, పదో కొలతలే ఉండేవి. అప్పటి గణాంక పద్ధతులేమో వందల కొలది కొలతలు కావాలనేవి.

కొద్ది కొలతలతో ఎంతవరకు నమ్మకంగా చెప్పవచ్చు? గాసెట్ దీన్ని గణితంతో సాధించి, చేతితో కూడా సరిచూశాడు. 3000 మంది ఖైదీల ఎత్తు, ఎడమచేతి మధ్యవేలి పొడవు అతనికి దొరికాయి. వాటిని అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున 750 గుంపులు చేశాడు. ప్రతి గుంపు సగటూ ఎంత ఊగుతుందో చూశాడు. తన గణితం చెప్పినదానికి అది దగ్గరగా వచ్చింది. ఆ రోజుల్లో కంప్యూటర్లు లేవు. ఓపికే కంప్యూటరు!

ఈ ఫలితం 1908లో ‘బయోమెట్రికా’ పత్రికలో వెలువడింది. ఉద్యోగులు తమ పేర్లతో ప్రచురించడానికి కంపెనీ ఒప్పుకోలేదు. అందుచేత ‘స్టూడెంట్’, అంటే ‘విద్యార్థి’, అన్న మారుపేరు పెట్టుకున్నాడు. ఆ వ్యాసంలోనే జతల ఉదాహరణ ఒకటి ఉంది. కష్నీ, పీబుల్స్ అనేవారు 1905లో ప్రచురించిన కొలతలవి. పదిమంది రోగులకు రెండు నిద్రమందులు వేరు వేరు రాత్రులు ఇచ్చి, ఎంతసేపు ఎక్కువ నిద్రపోయారో చూశారు. ఒక మందుకన్నా రెండోది సగటున 1.58 గంటలు ఎక్కువ నిద్రనిచ్చింది. మనం పైన చేసినట్లే చేస్తే టి 4.06 వస్తుంది.

ఆ తరువాత ఆర్. ఎ. ఫిషర్ ఈ పద్ధతిని మెరుగుపరచి, 1925లో వెలువడిన తన పుస్తకం ద్వారా శాస్త్రజ్ఞులందరికీ అందించాడు. ఆ ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందిన తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణారావు. సి. ఆర్. రావు అని ప్రపంచమంతా పిలిచే ఆయన 1920లో నాటి బళ్ళారి జిల్లా హడగలిలో పుట్టారు. మన అనంతపురం కూడా 1882 వరకు బళ్ళారి జిల్లాలోనిదే! గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి 2023లో ఆయనకు లభించింది. ఆ ఏడాదే, నూట రెండేళ్ళ వయసులో, ఆయన కన్నుమూశారు.

ఇరవై వేల మంది పిల్లలు, పాలు, కోట్లు

టి పెద్దది వస్తే చాలునా? చాలదు. ఈ సంగతి నేర్పిన ప్రయోగం 1930లో స్కాట్లండులోని లానార్క్‌షైర్‌లో జరిగింది. బడిలో రోజూ పాలు ఇస్తే పిల్లలు బాగా ఎదుగుతారా? ఇదీ ప్రశ్న. 67 బడుల నుంచి 20,000 మంది పిల్లలను తీసుకున్నారు. పదివేల మందికి పాలిచ్చారు, పదివేల మందికి ఇవ్వలేదు. ఫిబ్రవరిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి బరువు, ఎత్తు చూశారు. ఇది కూడా ‘ముందు, తరువాత’ లెక్కే.

గాసెట్ 1931లో ఈ ప్రయోగాన్ని విమర్శించాడు. ఏ పిల్లలకు పాలివ్వాలో చీటీలు తీసినట్లు గాని, అక్షర క్రమంలో గాని ఎంచుకోవాలి. కాని ఒక గుంపులో బలమైనవారో, బలహీనులో ఎక్కువయ్యారనిపిస్తే మార్పులు చేయవచ్చని ఉపాధ్యాయులకు స్వేచ్ఛ ఇచ్చారు. పాపం, బక్కచిక్కిన పిల్లలను చూసి ఏ ఉపాధ్యాయుని మనసు కరగదు? ఆ పిల్లలు పాల గుంపులో చేరినట్లు కనబడింది. మొదటి కొలతల్లోనే, పాలు లేని గుంపు పిల్లలు ఎక్కువ ఎత్తూ, ఎక్కువ బరువూ ఉన్నారు!

ఇంకొకటి. పిల్లలను బట్టలతోనే తూచారు. ఫిబ్రవరిలో అక్కడ గట్టి చలి, జూన్‌లో వేసవి. కలిగిన ఇంటి పిల్లలు చలికాలంలో మందపు దుస్తులు వేసుకుని, వేసవిలో తేలికవి వేసుకుంటారు. పేదపిల్లలకు మార్చుకోవడానికి అన్ని బట్టలు ఉండవు. అందుచేత రెండు గుంపుల బరువుల తేడాలో పాలతోపాటు కోట్లు కూడా కలిసిపోయి ఉండవచ్చు.

దీనికి గాసెట్ సూచించిన మార్గం ఏమిటో తెలుసా? అచ్చుగుద్దినట్లుండే కవల పిల్లల జతలు యాభై చాలునన్నాడు. జతలో ఒకరికి పాలు, ఒకరికి వద్దు. ఎవరికన్నది నాణెం ఎగరేసి తేల్చాలి. ఇరవై వేల మంది చెప్పలేనిది వందమంది చెప్పగలరు, జత సరిగా కట్టితే!

మన లెక్కలో కోట్లు ఎక్కడ?

ఇప్పుడు ధర్మవరం తిరిగి వద్దాం. టి 3.46 వచ్చింది. మార్పు అదృష్టం కాదని ఒప్పుకున్నాం. కాని ఆ మార్పు ప్రత్యేక తరగతి వల్లనే వచ్చిందా? ఈ ప్రశ్నకు టి జవాబు చెప్పదు. మనమే అడగాలి.

రెండో ప్రశ్నపత్రం తేలికగా ఉందేమో? ఆరు వారాల్లో మామూలు తరగతిలో జరిగిన పాఠాల వల్లనే పెరిగాయేమో? మొదటి పరీక్షలో బాగా తక్కువ వచ్చినవారినే ఏరి తీసుకున్నారేమో? ఆ రోజు జ్వరంతో రాసి మార్కులు పోగొట్టుకున్నవారికి, ఏ తరగతీ లేకున్నా తరువాత కొంత పెరుగుతాయి. రెండో పరీక్షకు రానివారు ఎవరు? వారి సంగతి లెక్కలోకి రాలేదు కదా?

దీనికి మందు, పోలికకు మరో గుంపు. అదే బడిలో ప్రత్యేక తరగతి లేని పదిమందికి కూడా ఆ రెండు పరీక్షలే పెట్టాలి. వారికి కూడా రెండు మార్కులు పెరిగితే తరగతి గొప్పతనం ఏమీ లేనట్లే. ఎవరు ఏ గుంపులో ఉండాలో చీటీలు తీసి నిర్ణయిస్తే మరీ మంచిది.

ఇక ఆ తండ్రికి చెప్పవలసిన మాట ఒకటి మిగిలింది. రెండు మార్కులు అన్నది కచ్చితమైన సంఖ్య కాదు. 2.262ను 0.5773తో గుణిస్తే సుమారు 1.3. అంటే అసలు పెరుగుదల 0.7 మార్కు నుంచి 3.3 మార్కుల దాకా ఎంతైనా ఉండవచ్చు. దానికోసం రోజూ ఒక గంట ఇవ్వడం తగునా అన్నది గణితం చెప్పదు. అది ఆ ఇంటివారు, బడివారు కూర్చుని ఆలోచించవలసిన విషయం. అయితే ఇప్పుడు వారు ఊహల మీద కాక, అంకెల మీద నిలబడి మాట్లాడుకోవచ్చు.

మీరూ చేసి చూడండి

పెనుకొండ కొండ మీద కోట ఉంది. 1565లో జరిగిన యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు అది. ఈసారి అక్కడికి విహారయాత్రకు వెళితే, ఎక్కే ముందు పదిమంది స్నేహితుల నాడిని నిమిషంపాటు లెక్కపెట్టి రాసుకోండి. పైకి ఎక్కగానే మళ్ళీ లెక్కపెట్టండి. దగ్గరలో కొండ లేకపోతే మీ బడి మెట్లు చాలు. పది తేడాలు రాసి, అయిదు మెట్లలో టి కట్టండి. 2.262ను దాటిందేమో చూడండి.

కాని ఏ సంఖ్యను దాటాలో, ఎందరిని తీసుకోవాలో ముందే కాగితం మీద రాసుకోండి. జవాబు చూసుకున్నాక నియమం మార్చడం, అంబు తగిలిన చోట గురి గీసుకోవడం వంటిది.